సస్పెన్షన్ మార్చేముందు: పెనుబల్లి రోడ్డు ఏం అడుగుతోంది?

ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ ఖాళీగా ఉన్నప్పుడు దాని పొట్టకీ నేలకీ మధ్య 179 మిల్లీమీటర్ల జాగా ఉంటుంది. మనుషులు నిండా ఎక్కి, డిక్కీలో సామాను సర్దాక అది 145కి దిగుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో సాఫీగా దాటేలా గుండ్రంగా తిరగాలి. వర్టస్ ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 2.65 మీటర్లు. అంటే పద్ధతి ప్రకారం వేసిన స్పీడ్ బ్రేకర్ మీదికి నాలుగు చక్రాలూ ఒకేసారి ఎక్కి ఉంటాయి కాబట్టి పొట్ట తగిలే భయం తక్కువ. పల్లెల్లో కనిపించేవి చాలావరకు అలా ఉండవు. రెండడుగుల వెడల్పులో నిటారుగా లేచిన గట్టు, ముందు చక్రాలు దిగిపోయాక, వెనక చక్రాలు ఇంకా రాకముందు కారు నడుం కిందికి వస్తుంది. దాని ఎత్తు 10 సెంటీమీటర్లే అనుకున్నా పైన మిగిలేది 45 మిల్లీమీటర్లు. కారుని కిందికి దించే లోయరింగ్ స్ప్రింగులు అందులో 30 మింగేస్తే బొటనవేలంత సందు కూడా ఉండదు.

రోజూ నడిపే స్పోర్ట్స్ కారుకి సస్పెన్షన్ ఎంచుకోవడమంటే ఈ కూడికలూ తీసివేతలూ ముందుగా వేసుకోవడం. ఏ కంపెనీ మంచిది, ఎంత కిందికి దించాలి అన్న ప్రశ్నలు తర్వాత వస్తాయి. ఆ కారు రోజూ దాటాల్సిన రోడ్డులో అన్నిటికంటే పాడైన నాలుగైదు కిలోమీటర్లు ఎలాంటివో ముందు తేలాలి. సెలవురోజు పొద్దున్నే నున్నటి రోడ్డు మీద వచ్చే ఆనందం కోసం కొన్న సస్పెన్షన్, మిగతా ఆరు రోజులూ ఆ నాలుగైదు కిలోమీటర్లలో యజమానిని ఏడిపిస్తుంది.

ఖమ్మం జిల్లాలోని పెనుబల్లి లాంటి చోట ఆ కిలోమీటర్లకి కొదవ లేదు. ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో మొదలై విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ముగిసే 30వ నంబరు జాతీయ రహదారి, భద్రాచలం, కొత్తగూడెం దాటి ఈ మండలం మీదుగానే తిరువూరు వైపు పోతుంది. ఖమ్మం నుంచి కల్లూరు మీదుగా సత్తుపల్లి, అశ్వారావుపేట వెళ్లే రోడ్డు వీఎం బంజర దగ్గర దాన్ని దాటుతుంది. సత్తుపల్లి ఓపెన్‌కాస్టు గనుల బొగ్గు ఏళ్లతరబడి టిప్పర్లలోనే కొత్తగూడెం వైపు కదిలింది. 2022లో రైలు మార్గం వచ్చాకే బొగ్గు పట్టాలెక్కింది. అమెరికాలో 1958 నుంచి 1960 దాకా జరిపిన ఆషో రోడ్డు పరీక్షలో తేలిన లెక్క ఒకటుంది: ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకి జరిగే నష్టం సుమారు 16 రెట్లవుతుంది. టిప్పర్లు తిరిగిన రోడ్డు మీద రెండు కాలువల్లా చక్రాల జాడలు ఎందుకు పడతాయో, మలుపుల దగ్గర తారు ఎందుకు మడతలు పడుతుందో ఆ లెక్కలోనే ఉంది.

ఇక నేల సంగతి. రేగడి ఉన్నచోట వానకి ఉబ్బి, ఎండకి కుంచించుకుని రోడ్డుని అలలుగా లేపుతుంది. ఊరి దగ్గరికొచ్చేసరికి స్పీడ్ బ్రేకర్లు. అడవి వైపు, కనకగిరి గుట్టల దిక్కు మళ్లితే అంచులు తెగిన సన్నటి తారు. ఎదురుగా లారీ వస్తే రెండు చక్రాలు కిందికి దించక తప్పదు. కాబట్టి ఇక్కడ సస్పెన్షన్‌కి మూడు రకాల పని పడుతుంది. పొడుగాటి అలల మీద కారు తేలిపోకుండా పట్టి ఉంచాలి. గుంత అంచు లాంటి పదునైన దెబ్బని మింగాలి. నిండు బరువుతో కూడా నేలకి ఎత్తుగా నిలవాలి. కారుని దించి, గట్టి స్ప్రింగులు వేస్తే ఈ మూడింటిలో మొదటిది కొంత మెరుగుపడుతుంది. మిగతా రెండూ చెడతాయి.

మెకానిక్ దగ్గర తరచూ వినిపించే మాట ఇది: "అన్నా, బండి బాగా ఊగుతోంది, గట్టి స్ప్రింగులు వెయ్యి." అనుభవమున్న మెకానిక్ జవాబు వేరేగా ఉంటుంది: "వేద్దాంలే తమ్ముడూ, ముందు ఏ షాకబ్జర్ పోయిందో చూడనీ." ఊగడం ఆపేది స్ప్రింగు కాదు, డ్యాంపర్. మన మెకానిక్కులు షాకబ్జర్ అనే పరికరం అదే. బరువు మోయడం స్ప్రింగు పని. ఊపుని నూనెలో వేడిగా మార్చి చల్లార్చడం డ్యాంపర్ పని. ఈ తేడా తెలియకుండా డబ్బు పెట్టినవాళ్లే ఎక్కువ. అందుకే కొనుగోలుకి ముందు ఒక వారం పాటు చిన్న పుస్తకంలో ఫిర్యాదులు రాసుకోవడం మంచిది. రాసేది మామూలు మాటల్లోనే ఉండాలి. అల దాటాక కారు ఇంకో రెండుసార్లు ఊగిందా? గుంతలో పడితే ధన్‌మని లోహం చప్పుడొచ్చిందా, దబ్బుమని రబ్బరు చప్పుడొచ్చిందా? మలుపులో పక్కకి ఒరిగిందా? నలుగురు ఎక్కినప్పుడే కింద తగిలిందా, ఒక్కరున్నా తగిలిందా? ఒక్కో జవాబు ఒక్కో భాగం వైపు వేలు చూపిస్తుంది. ఊగడం డ్యాంపర్ది. లోహం చప్పుడు ఎక్కువగా లింక్ రాడ్డుదో టాప్ మౌంటుదో. నిండు బరువులో దబ్బుమంటే స్ప్రింగు ప్రయాణం అయిపోయి బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మ మీద కూర్చుంటోందని అర్థం.

ఈ వారం రోజుల పుస్తకం చాలామందికి ఖర్చు తగ్గిస్తుంది. ఎందుకంటే రాసిన వాటిలో సగానికి మందు కొత్త అప్‌గ్రేడ్ కాదు, అరిగిన పాత భాగం. తెలుగు ఊళ్లలో ఇప్పటికీ ప్రేమగా చూసుకునే పోలో జీటీ టీఎస్‌ఐ ఉత్పత్తి 2022లోనే ఆగిపోయింది. ఇప్పుడు చేతులు మారుతున్న ప్రతి పోలో ఏళ్ల తరబడి గుంతలు చూసిందే. దాని షాకబ్జర్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు అసలైనవే అయితే, వాటిని కొత్తవాటితో మార్చగానే "అసలు ఈ కారు ఇలా ఉండేదా" అనిపిస్తుంది. ఆ అనుభవం వచ్చాకే ఇంకా ఏం కావాలో యజమానికి సరిగ్గా తెలుస్తుంది.

పరీక్షించడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఇంజిన్ ఆపి, స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పి, టైరు ముఖం మీద అరచేతిని నెమ్మదిగా ముందుకీ వెనక్కీ పాకించాలి. ఒక దిక్కున నున్నగా, ఇంకో దిక్కున రంపంలా గీరుకుంటే అలైన్‌మెంట్ పోయింది. టైరు చుట్టూ అక్కడక్కడ గిన్నె అడుగులా పల్లాలు తగిలితే డ్యాంపర్ చక్రాన్ని రోడ్డు మీద ఉంచలేకపోతోంది, టైరు గెంతుతోంది. తర్వాత టార్చి వేసి షాకబ్జర్ ఒంటిని చూడాలి. పైభాగంలో పలచగా తేమ ఉంటే కంగారు అక్కర్లేదు. నూనె కిందిదాకా కారి దుమ్ముతో నల్లటి పేస్టులా అంటుకుంటే దాని పని అయిపోయినట్టే. బానెట్ మూలని చేత్తో నొక్కి వదిలే పాత పరీక్ష పూర్తిగా చచ్చిపోయిన షాకబ్జర్‌ని మాత్రమే పట్టుకుంటుంది. సగం అరిగినది అందులో మంచిదానిలాగే కనిపిస్తుంది.

అరిగినవన్నీ మార్చాక కూడా కోరిక మిగిలితే అప్పుడు అసలు ఎంపిక మొదలవుతుంది. ఇక్కడ కాస్త భౌతికశాస్త్రం తప్పదు. కారు తన స్ప్రింగుల మీద సెకనుకి ఎన్నిసార్లు సహజంగా ఊగుతుందన్న లెక్కతో ఇంజినీర్లు మెత్తదనాన్ని కొలుస్తారు. మామూలు కుటుంబ కార్లు 1 నుంచి 1.5 దాకా ఉంటాయి, రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కార్లు 1.5 నుంచి 2 దాకా. రేసు కార్లు అంతకు మించి పోతాయి. 1930ల్లో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మోరిస్ ఓలీ ఇంకో సంగతి గమనించాడు. వెనక స్ప్రింగుల లయ ముందువాటికంటే కాస్త వేగంగా ఉంటే, గతుకు దాటాక కారు ముక్కు, తోక వంతులేసుకుని ఎగరకుండా తొందరగా సర్దుకుంటాయి. ఖర్చు తగ్గించుకోవడానికి ముందు రెండు స్ప్రింగులే మార్చేవాళ్లు ఈ పొందికనే చెడగొడుతున్నారు. స్ప్రింగులు నాలుగూ ఒక సెట్‌గానే మారాలి.

దించడం గురించి ఇంకో లెక్క ఉంది. అది తెలిస్తే చాలామంది ఆగిపోతారు. గుంత దెబ్బని మింగడానికి చక్రం పైకి కదిలే దూరం 80 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. కారుని 40 దించితే ఆ దూరం సగమవుతుంది. స్ప్రింగులో నిలవయ్యే శక్తి కదిలిన దూరం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, సగం దూరంలో అదే దెబ్బని ఆపాలంటే స్ప్రింగు నాలుగింతలు గట్టిగా ఉండాలి. బజారులో దొరికే లోయరింగ్ స్ప్రింగులు అసలువాటికంటే అంత గట్టిగా ఉండవు, ఉంటే ఎవరూ నడపలేరు. మిగిలిన దెబ్బంతా బంప్ స్టాప్ మీద, టాప్ మౌంటు మీద, చివరికి బాడీ మీద పడుతుంది. కాయిల్‌ని కత్తిరించి దించే పద్ధతి ఇంకా దారుణం. చివర సరిగ్గా కూర్చోని స్ప్రింగు చక్రం గాల్లోకి లేచినప్పుడు తన గూట్లోంచి జారిపోగలదు. ఈ ఒక్క విషయంలో రాజీ పనికిరాదు: కత్తిరించిన స్ప్రింగుతో కుటుంబాన్ని ఎక్కించుకోకూడదు.

దించితే మలుపుల్లో పట్టు పెరుగుతుందన్న నమ్మకం కూడా సగమే నిజం. మన రోడ్ల మీద దాదాపు అన్ని చిన్న కార్లకీ ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది. అలాంటి కారుని మరీ దించితే కింది ఆర్మ్ బయటి చివర పైకి తిరిగి, కారు ఒరగడానికి ఆధారమయ్యే రోల్ సెంటర్ కారు బరువుకేంద్రం కంటే ఎక్కువగా కిందికి పడిపోతుంది. ఫలితంగా దించిన కారు అదనంగా ఒరగడానికి చూస్తుంది, గట్టి స్ప్రింగు దాన్ని ఆపడానికి కష్టపడుతుంది. స్టీరింగ్ రాడ్డు కోణం కూడా మారి గతుకుల్లో చక్రాలు తమంతట తామే కొద్దిగా తిరుగుతాయి. కొద్ది మిల్లీమీటర్లు దించడం వేరు, అద్దంలో అందం కోసం 40 దించడం వేరు.

మరి ఏం కొనాలి? పెనుబల్లి నుంచి రోజూ సత్తుపల్లికో ఖమ్మానికో తిరిగే కారుకి మొదటి ఓటు మంచి డ్యాంపర్‌కే పడాలి. ఎత్తు కంపెనీ ఇచ్చినదే ఉండాలి. అసలు స్ప్రింగుల మీదే, అసలు ఎత్తులోనే పనిచేసేలా మెరుగైన డ్యాంపర్లు తయారుచేసే కంపెనీలున్నాయి. బిల్‌స్టీన్‌లో బీ4 అంటే అసలుదానికి బదులు వేసేది, బీ6 అంటే అదే ఎత్తులో పట్టు పెంచేది, బీ8 అంటే దించిన కారు కోసం పొట్టిగా చేసింది. కోనీ పసుపు రంగు డ్యాంపర్లలో స్ప్రింగు తిరిగి లేచేటప్పుడు పట్టే బలాన్ని తిప్పి సర్దుకోవచ్చు. పై అలల రోడ్డు అడిగేది సరిగ్గా ఆ బలమే. మన దేశంలో 1961 నుంచి ఉన్న గాబ్రియేల్ ఇండియా లాంటి కంపెనీల మామూలు షాకబ్జర్లు కొత్తవి వేసినా, అరిగిన కారుకి సగం సమస్య తీరుతుంది.

మోనోట్యూబా, ట్విన్ ట్యూబా అన్న చర్చ గంటలకొద్దీ నడుస్తుంది. 1957లో బిల్‌స్టీన్ మెర్సిడెస్ కార్ల కోసం తయారుచేసిన గ్యాస్ మోనోట్యూబ్‌లో నూనె త్వరగా వేడెక్కి నురగకట్టదు, గుట్టల్లో వేగంగా నడిపినా పట్టు సడలదు. కానీ రాళ్లు ఎగిరే రోడ్డు మీద దాని ఒంటికి ఒక సొట్ట పడితే లోపలి పిస్టన్ ఇరుక్కుపోతుంది. ట్విన్ ట్యూబ్‌కి బయటి గొట్టం వేరు, పిస్టన్ తిరిగే గొట్టం వేరు కాబట్టి చిన్న సొట్టని ఓర్చుకుంటుంది. వారానికోసారి తోటల దారి పట్టే కారుకి ఈ ఓర్పు చిన్న లాభమేం కాదు.

మెత్తటి కారు స్పోర్ట్స్ కారు కాదనుకునేవాళ్లకి లోటస్ కంపెనీయే జవాబు. మెత్తటి స్ప్రింగులు, పదునైన డ్యాంపర్లు, తక్కువ బరువు. ఇంగ్లండ్ పల్లెటూరి గతుకుల రోడ్ల మీద పెరిగిన ఆ కార్లు మలుపుల్లో ప్రపంచానికి పాఠం చెప్పాయి. దున్నిన పొలంలో గుడ్ల బుట్ట చెదరకుండా దాటాలన్న కోరికతో రూపొందించిన సిట్రొయెన్ 2సీవీ 1948లో వచ్చింది. అదేమీ వేగం కోసం పుట్టిన కారు కాదు. అయినా చక్రాన్ని నేల వదలనివ్వని ఆ సస్పెన్షన్ వల్లే పట్టులో తనకంటే శక్తిమంతమైన కార్లని ఆశ్చర్యపరిచింది. మన దగ్గరే 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల మామూలు నగర రోడ్డు మీద ఫార్ములా ఈ పోటీ జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అలాంటి వీధి సర్క్యూట్లకి వచ్చినప్పుడు జట్లు కారు ఎత్తునీ డ్యాంపర్లనీ ఆ రోడ్డు గతుకులకి సరిపడా మార్చుకుంటాయి. పోటీ కార్లే రోడ్డుకి తలొగ్గుతుంటే, రోజువారీ కారు ఒగ్గడానికి నామోషీ ఎందుకు?

స్ప్రింగు, డ్యాంపర్ కలిసి ఒకే సెట్‌గా వచ్చే కాయిలోవర్ల మోజు బలమైనది. ఎత్తు, గట్టిదనం అన్నీ చేత్తో సర్దుకోవచ్చన్న మాట ఎవరినైనా ఊరిస్తుంది. పేరున్న కంపెనీ సెట్ లక్ష రూపాయలు సులువుగా దాటుతుంది. వానాకాలం ఎర్రమట్టి మరల సందుల్లో కూరుకుని ఆరిపోతే, రెండేళ్లకి ఆ సర్దుబాటు రింగు తిరగదు. ఏటా విప్పి, కడిగి, గ్రీజు పెట్టే ఓపిక ఉన్నవాళ్లకే అది తగినది. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, యూరప్ కేటలాగులో 30 మిల్లీమీటర్లు దించుతుందని రాస్తే ఆ లెక్క అక్కడి కారు ఎత్తు నుంచి. ఇండియాలో అమ్మే కార్లని కంపెనీలు మన రోడ్ల కోసం తరచూ పైకి లేపుతాయి. అదే భాగం ఇక్కడి కారుకి వేస్తే అనుకున్నదానికంటే ఎక్కువ దిగిపోవచ్చు.

వీటన్నిటికంటే చవకైన సస్పెన్షన్ టైరు. వర్టస్ జీటీకి వచ్చే 205/55 ఆర్16 టైరు పక్కగోడ ఎత్తు సుమారు 113 మిల్లీమీటర్లు. అందం కోసం 17 అంగుళాల చక్రం, 50 ప్రొఫైల్ టైరు వేస్తే అది 10 మిల్లీమీటర్లు తగ్గుతుంది. గుంత అంచు రిమ్ముకి అంత దగ్గరవుతుంది. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన పట్టికలో ఉన్న గాలి ప్రకారం, చల్లటి టైరులో వారానికోసారి చూసుకుంటే చాలు, సగం ఫిర్యాదులు పుస్తకం ఎక్కకుండానే పోతాయి.

బిగించే పని కోసం చాలామంది 30వ నంబరు రహదారి పట్టుకుని విజయవాడ ఆటోనగర్‌కి వెళ్తారు. అక్కడ చేయి తిరిగిన పనివాళ్లకి లోటు లేదు. యజమాని దగ్గరుండి మూడు సంగతులు చూసుకోవాలి. షాకబ్జర్లు జతగా మారాలి, వాటితోపాటు టాప్ మౌంట్లు, బంప్ స్టాపులు, దుమ్ము తొడుగులు కొత్తవి పడాలి. స్ట్రట్ పైనట్టుని గాలి గన్నుతో బిగిస్తే లోపలి రాడ్డు తిరిగి సీలు దెబ్బతింటుంది. దాన్ని చేత్తోనే బిగించాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, ఎక్కువమంది మరిచేది: లోయర్ ఆర్మ్ బోల్టులని కారు జాకీ మీద వేలాడుతున్నప్పుడు ఆఖరి బిగువు ఇవ్వకూడదు. ఆ స్థితిలో బిగిస్తే, కారు దిగగానే రబ్బరు బుష్ మెలితిరిగిపోయి ఎప్పుడూ ఆ మెలికలోనే ఉంటుంది, తొందరగా చిరుగుతుంది. చక్రాలు నేల మీద నిలిచాక, బరువు పడ్డాకే చివరి బిగువు.

చట్టం సంగతి కూడా ముందే చూసుకోవాలి. కంపెనీ ఇచ్చిన ప్రమాణాలని మార్చేలా వాహనాన్ని సవరించకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. అసలు ఎత్తులోనే ఉంచి అరిగిన డ్యాంపర్‌ని మార్చడం మరమ్మతు కిందికి వస్తుంది. కారుని బాగా దించడం అలా చెప్పుకోవడానికి వీలివ్వదు. స్ప్రింగులు మారిస్తే బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయడం, వారంటీలో ఉన్న కారైతే డీలరుని ముందే అడగడం తప్పనిసరి.

పనంతా అయ్యాక చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా నాలుగు వైపులా టేపుతో కొలిచి, ఆ అంకెలు అదే పుస్తకంలో రాసుకోవాలి. మొదట ఒక్కరు, తర్వాత నలుగురు ఎక్కి, పాత ఫిర్యాదులు రాసిన అవే చోట్ల అదే వేగంతో వెళ్లి చూడాలి. వెయ్యి కిలోమీటర్లు తిరిగి స్ప్రింగులు కూర్చున్నాక మళ్లీ కొలిచి, మళ్లీ అలైన్‌మెంట్ చేయించాలి. తీసిన పాత స్ప్రింగులని, చెడిపోని మౌంట్లని ముందు ఎడమ, ముందు కుడి అని చీటీలు కట్టి అటక మీద పెట్టుకోవాలి. వారంటీ పేచీ వచ్చినా, కారు అమ్మాల్సి వచ్చినా, కొత్తవి నచ్చకపోయినా వాటి అవసరం పడుతుంది. ఆటోనగర్ తుక్కు దుకాణంలో వాటికొచ్చే డబ్బు టీ ఖర్చులకి మించదు.